షోలా అడవిలో బ్లూ రాబిన్‌ని చూడటం ఎలా?

నీలగిరి బ్లూ రాబిన్ కోసం ఊటీ వెళ్లి, రెండు రోజులు కాళ్లరిగేలా తిరిగి, ‘కనబడలేదండీ’ అంటూ వచ్చేవాళ్లను చాలామందిని చూశాను. తిరిగితే కనబడే పిట్ట కాదది.

సామాను తక్కువే. మట్టిరంగు బట్టలు, జలగలకు పొడవాటి మేజోళ్లు, 8 రెట్లు పెద్దగా చూపించే బైనాక్యులర్స్. 10 రెట్లవి ఇంట్లో పెట్టి రండి. ఆ మసక వెలుతురులో చేతి వణుకు తప్ప ఏమీ కనబడదు. అటవీశాఖ అనుమతి ముందే తీసుకోండి.

కొండల మడతల్లో, గడ్డిమైదానాల మధ్య గుబురుగా ఉండే షోలాలే దీని ఇల్లు. ఏప్రిల్, మే నెలల్లో బాగా పాడుతుంది. పడమటి కనుమల మధ్య ఖాళీ అయిన పాలక్కాడ్ కనుమకు ఉత్తరాన ఉండేది ఇదే, పక్కలు ఇటుకరంగు. దక్షిణాన కొడైకెనాల్ వైపు కనిపించే తెల్లపొట్టది దీని చుట్టం. ఈ పిట్టలకు ‘షోలికోలా’ అన్న ప్రజాతి (దగ్గరి జాతులన్నిటికీ కలిపి పెట్టే శాస్త్రీయ నామం) పేరు 2017లో వచ్చింది. అన్నట్టు, దీన్ని మొదట వర్ణించిన జెర్డాన్ మన నెల్లూరులో డాక్టరుగా చేసినాయనే.

ఇక అందరూ చెడగొట్టేది కూర్చోవడం దగ్గరే. తెల్లవారక ముందే చేరుకోండి. పాట వినబడగానే అటు పరుగెత్తకండి. వాగు పక్కనో, కాలిబాట అంచునో, ఎండుటాకులు మందంగా పడ్డచోట చెట్టుకు వీపు ఆనించి కూర్చోండి. బైనాక్యులర్స్‌ని ముందే ఐదారు మీటర్ల దూరానికి ఫోకస్ చేసి గుండె దగ్గర పట్టుకోండి. పిట్ట వచ్చాక చెయ్యి లేపితే అంతే సంగతులు.

చూపు కొమ్మల మీద కాదు, నేల మీద ఉండాలి. మొదట పిట్ట కనబడదు, ఒక ఆకు కదులుతుంది. గాలి లేదు కదా, మరి ఎందుకు కదిలింది? అక్కడే చూడండి. పొడవాటి కాళ్లతో నాలుగడుగులు గబగబా వేసి, ఠక్కున ఆగి, మళ్లీ ఆకు తిరగేస్తుంది. నీడలో నల్లగా కనిపిస్తుంది, కాస్త వెలుగు పడితేనే ఆ నీలం.

ఫోన్‌లో దాని పాట పెట్టి పిలిచేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. తన హద్దులోకి ఇంకో మగపిట్ట దూరిందనుకుని, మేత మానేసి వెతుక్కుంటుంది. అసలే అంతరించే ముప్పున్న జాతి. పిలిపించుకున్నదాన్ని నేనైతే చూసినట్టు రాసుకోను.

అది పొదలోకి పోయాక వెంటనే లేవకండి. ఇంకో పది నిమిషాలు అలాగే ఉండండి, నాకు చాలాసార్లు అదే దారిన తిరిగొచ్చింది.