మెరీనాలో మోకాలి లోతు నీళ్లను నమ్మకండి

మన ముక్కనుమ నాడు వచ్చే కానుం పొంగల్‌కు, నెల్లూరు నుంచో తిరుపతి నుంచో దిగిన చుట్టాలను వెంటబెట్టుకుని మెరీనాకు వెళ్లడం చెన్నైలోని తెలుగు ఇళ్లలో ఏటా ఉన్నదే. కిందటి ఆదివారం లైట్ హౌస్ దగ్గర జాలర్లు ఒక పిల్లవాడిని నీళ్లలోంచి ఈడ్చి ఇసుక మీద పడుకోబెట్టడం కళ్లారా చూశాను. బతికాడు. ఈత బాగా వచ్చిన ఆ పిల్లవాడు దిగింది మోకాలి లోతుకే.

"మోకాలి లోతే కదా" అన్న ఆ ఒక్క మాటకు ఎన్ని కుటుంబాలు ఏడ్చాయో ఈ ఊళ్లో ఉన్నవాళ్లకు తెలుసు. ఇక్కడ ఒడ్డు మెల్లగా లోతెక్కేది కాదు, నాలుగడుగులు ముందుకు వేస్తే కాలి కింద ఇసుక జారిపోతుంది. అలలు ఒడ్డుకు తోసిన నీరంతా తిరిగి సముద్రంలోకి పోవాలి గనుక, అది ఇసుక మేటల మధ్య సన్నని దారులు చేసుకుని వడిగా వెనక్కి లాగుతుంది. అలలు విరగకుండా నెమ్మదిగా కనిపించే చోటే చాలాసార్లు ఆ లాగుడు ఉంటుంది, జనం పిల్లలను దింపేదీ అక్కడే. ఇక తడిసిన చీర కుచ్చిళ్లు కాళ్లకు చుట్టుకుంటే నిలదొక్కుకోవడం ఎవరి తరమూ కాదు. మెరీనాలో స్నానం నిషేధమన్నది ఊరికే పెట్టిన నియమం కాదు.

ఒకవేళ లాగుడులో పడితే ఒడ్డుకు ఎదురీదకండి, అలసిపోతారు. వెల్లకిలా తేలుతూ, చేయెత్తి పిలుస్తూ, ఒడ్డు వెంబడి పక్కకు జరగండి. కొట్టుకుపోతున్న వాళ్ల కోసం మీరు దూకవద్దు. అలా దూకినందుకే ఒకరి వెంట ఒకరు పోతున్నారు. బంతి గానీ, మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బా గానీ విసిరి, జాలర్లను కేకేసి, 112కు ఫోన్ చేయండి. పైకి తీశాక పొట్ట నొక్కకండి. తేరుకున్నట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకువెళ్లవలసిందే.

ముట్టుకాడులోనైనా చెట్‌పెట్ చెరువులోనైనా పడవ ఎక్కేముందు లైఫ్ జాకెట్ బకిళ్లన్నీ బిగించుకోండి, వదులుగా ఉన్నది నీళ్లలో తల మీదుగా ఊడిపోతుంది. పడవలో లేచి నిలబడకండి.

2024 అక్టోబరు 6న మెరీనాలో వైమానిక ప్రదర్శన చూడవచ్చిన వాళ్లలో అయిదుగురు మరణించారు. ఎండలో ఆ రద్దీ ఎంత ప్రమాదమో అప్పుడే తెలిసింది కాబట్టి పెద్దవాళ్లను సాయంత్రం నాలుగు దాటాకే తీసుకువెళ్లండి, నీళ్లు ఇంటి నుంచే పట్టుకెళ్లండి. పిల్లల మణికట్టు మీద మీ ఫోన్ నంబరు రాయండి, తప్పిపోతే కలుసుకునే చోటు ముందే చెప్పండి. గుర్రం మీద పసివాణ్ణి ఒంటరిగా ఎక్కించకండి. పోలీసులు అడ్డంగా కట్టిన కర్రలు దాటకండి. మద్యం తాగినవాళ్లను నీటి దరికి రానివ్వకండి. ఫొటో కోసం సముద్రానికి వీపు తిప్పకండి. చీకటి పడ్డాక ఎవరినీ తడి ఇసుక మీదికి వెళ్లనివ్వకండి. కొట్టుకుపోయిన చెప్పు కోసం వెళ్లకండి. పిల్లవాడి చేయి వేలు పట్టుకుని కాదు, మణికట్టు దగ్గర పట్టుకోండి. మోకాలి లోతుకు కూడా దిగనివ్వకండి.