గుండె కొలతతో దూరపు పరుగు – 3వ పాఠం: ఎండాకాలంలో బీట్ ఎందుకు ఎక్కుతుంది?

డిసెంబరులో 140 బీట్‌తో (గుండె నిమిషానికి 140 సార్లు కొట్టుకుంటూ) హాయిగా సాగిన పరుగే ఏప్రిల్ వచ్చేసరికి 155 చూపిస్తుంది. దారి అదే, బూట్లు అవే, వేగమూ అదే. కర్నూలులో పరుగెత్తేవాళ్లలో చాలామంది ఇక్కడే టెన్షన్ పడతారు. ఫిట్‌నెస్ పోయిందనుకుని ఇంకా గట్టిగా పరుగెత్తుతారు. ఈ పాఠం వాళ్ల కోసమే.

ముందు రెండో పాఠంలోని లెక్క ఒకసారి చూసుకుందాం. వయసు 42, పొద్దున కళ్లు తెరవగానే మంచం మీద చూసుకున్న బీట్ 62 అనుకోండి. వయసును 0.7తో గుణించి 208లోంచి తీసేస్తే గరిష్ఠ బీట్ సుమారు 179. అందులోంచి 62 తీస్తే 117. ఈ 117లో 60 శాతానికీ 70 శాతానికీ విడివిడిగా 62 కలిపితే 132, 144 వస్తాయి. తేలిక పరుగంటే ఈ రెండు అంకెల మధ్య సాగేది. ఈ గరిష్ఠం సగటు లెక్క మాత్రమే, మనిషిని బట్టి పది బీట్లు అటూ ఇటూ ఉండొచ్చు. అందుకే పక్కవాళ్లతో ఆయాసం లేకుండా మాట్లాడగలుగుతున్నారా లేదా అన్నది కూడా చూసుకోండి. బీపీకి బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్లకు ఈ లెక్క పనికిరాదు, ఆ మందు బీట్‌ను పెరగనివ్వదు. అలాంటివాళ్లు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మొన్న పొద్దున అయిదున్నరకి కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) గట్టు మీద పరుగు మొదలుపెట్టాను. గట్టు చదునుగా ఉంటుంది కాబట్టి పోల్చుకోవడానికి బాగుంటుంది. కిలోమీటరుకు ఏడున్నర నిమిషాల వేగం. పదిహేనో నిమిషంలో బీట్ 140. వేగం మార్చలేదు. ముప్పై అయిదో నిమిషానికి 152 అయింది. అప్పటికి బనియను పిండితే నీళ్లు కారేలా ఉంది.

ఏం జరిగిందంటే, ఒంట్లో వేడి బయటికి పోవాలి కాబట్టి రక్తం చర్మం వైపు ఎక్కువగా మళ్లింది. చెమటతో రక్తంలోని నీరు తగ్గింది. రెండూ కలిసి గుండెకు తిరిగి వచ్చే రక్తాన్ని తగ్గిస్తాయి, దాంతో ఒక్కో బీట్‌కు గుండె తోసే రక్తమూ తగ్గుతుంది. ఉదాహరణకి మొదట్లో బీట్‌కు 100 మిల్లీలీటర్లు అనుకుంటే, 140 బీట్లకు నిమిషానికి 14 లీటర్లు. అది 92కి పడిపోతే అదే 14 లీటర్లు తోయడానికి 152 బీట్లు కావాలి. కాళ్లు చేసే పని పెరగలేదు, గుండె మీద భారం మాత్రం పెరిగింది. ఆ భారం నిజమైనదే. ‘ఎండ వల్లే కదా’ అని దాన్ని లెక్కలోంచి తీసేయకూడదు.

కాబట్టి వేసవిలో పేస్ (కిలోమీటరుకు పట్టే నిమిషాలు) వదిలేసి బీట్‌ను పట్టుకోండి. మీ లెక్కలో వచ్చిన పై అంకె (పై ఉదాహరణలో 144) దాటగానే వేగం తగ్గించండి. అప్పటికీ దిగకపోతే నడవండి, కింది అంకెకు (132కి) వచ్చాక మళ్లీ మెల్లగా అందుకోండి. చెప్పినంత సులువు కాదిది. గట్టు మీద వాకింగ్‌కు వచ్చే ఒక పెద్దాయన ‘‘ఏం సార్, నడుస్తాండారు?’’ అని పలకరించినప్పుడు నాకు తల కొట్టేసినట్టయింది. అయినా నడిచాను. అంతకుముందు ఏడాది పేస్ కోసం మొండికేసి, ఇంటికొచ్చి తలనొప్పితో పగలంతా మంచం పట్టిన రోజులు నాకింకా గుర్తున్నాయి. తల తిరిగినా, ఎండలో చలి పుట్టినట్టనిపించినా బీట్ ఎంతుందని చూడకుండా ఆగిపోయి నీడకు చేరండి.

అంకెను నమ్మాలంటే పరికరం సరిగా ఉండాలి. ఛాతీ బెల్ట్ గుండె పుట్టించే విద్యుత్తును పట్టుకుంటుంది. లోపలివైపు ఉండే రెండు నల్లటి పట్టీలను నీళ్లతో తడిపి, రొమ్ము ఎముక కింద కదలకుండా బిగించండి. పొడిగా కట్టుకుంటే మొదటి పది నిమిషాలు అంకెలు పిచ్చిపిచ్చిగా ఎగురుతాయి. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి నీడలో ఆరేయండి, చెమట ఉప్పు పేరుకుంటే పట్టీలు త్వరగా పాడవుతాయి. చేతి వాచీ ఆకుపచ్చ వెలుతురుతో రక్తం కదలికను చూస్తుంది. అది వదులుగా ఉంటే గుండెకు బదులు అడుగులను లెక్కపెట్టేస్తుంది. మాట్లాడుతూ తేలికగా పరుగెత్తుతున్నా వాచీలో 165 దగ్గరే అంకె అతుక్కుపోయిందంటే ఆగి, మెడ పక్కన వేలు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. ఆగగానే బీట్ దిగుతుంది కాబట్టి ఆలస్యం చేయొద్దు. నన్నడిగితే వేసవికి బెల్టే మేలు.

ఈ వారం పని. మూడు రోజులు, రోజూ ఒకే దారిలో, ఎండ ముదరకముందే. పది నిమిషాలు నడిచి, ఆపైన 40 నిమిషాలు మీ హద్దులోనే పరుగెత్తండి. మొదటి 20 నిమిషాల్లో ఎంత దూరం వెళ్లారో, రెండో 20లో ఎంత వెళ్లారో విడివిడిగా నోటు పుస్తకంలో రాయండి. బయల్దేరేముందు, వచ్చాక బరువు కూడా చూసుకోండి. అరకిలో తగ్గితే సుమారు అరలీటరు నీరు పోయినట్టు. దాన్ని ఉప్పు వేసిన మజ్జిగతో మెల్లమెల్లగా పూడ్చుకోండి, ఒక్కసారిగా చెంబెడు తాగొద్దు. రెండో సగం దూరం తగ్గితే కంగారు పడకండి, తగ్గడమే సహజం.

నాలుగో పాఠంలో జగన్నాథ గట్టు అనే కొండ ఎక్కుదాం. ఎత్తు మీద బీట్ ఎలా నడుస్తుందో చూడటానికి ఈ మూడు రోజుల అంకెలు కావాలి, పుస్తకం దగ్గర పెట్టుకోండి.