పెళ్లికి ముందు జుట్టు మాత్ర మొదలుపెట్టే అబ్బాయిలకు కొన్ని జాగ్రత్తలు

మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడుతున్నాయంటే మా మందుల షాపుకు ఒక రకం కుర్రాళ్లు రావడం మొదలవుతుంది. పక్కన ఎవరూ లేనప్పుడు చూసి, ఫోన్‌లో మందు పేరు చూపించి "అన్నా, ఇది ఉందా?" అంటారు. చాలాసార్లు అది ఫినాస్టరైడ్ 1 మిల్లీగ్రాము. డాక్టర్ చీటీ ఉండదు. పెళ్లెప్పుడు అంటే రెండు నెలల్లో అంటారు.

ఈ మందు మీద నాకు వ్యతిరేకత లేదు. మగవాళ్లకు వంశపారంపర్యంగా వచ్చే బట్టతలకు బాగా పనిచేసే మందుల్లో ఇదొకటి. కానీ పెళ్లికి రెండు నెలల ముందు, ఎవరికీ చెప్పకుండా, సొంతంగా మొదలుపెట్టడం మాత్రం వద్దు. ఫలితం కంటికి కనబడటానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. మొదట్లో ఉన్న జుట్టే కాస్త ఎక్కువ రాలొచ్చు కూడా. అంటే పెళ్లి ఫొటోలకు దీనివల్ల ఒరిగేదేమీ ఉండదు. కోరిక తగ్గడం, అంగస్తంభన సరిగా లేకపోవడం లాంటి దుష్ప్రభావాలు వస్తే మాత్రం మొదటి నెలల్లోనే వచ్చే అవకాశం ఎక్కువ. కొత్త కాపురం, నిద్రలేమి, చుట్టాల హడావిడి, దానికితోడు సహజంగా ఉండే బెరుకు, ఇవన్నీ ఒకేసారి మీదపడితే ఏది మందు వల్ల వచ్చింది, ఏది టెన్షన్ వల్ల వచ్చింది అన్నది తేల్చడం డాక్టర్‌కి కూడా కష్టమే. మొదలుపెట్టాలనుంటే పెళ్లికి ఏడాది ముందే మొదలుపెట్టండి, లేదంటే కాపురం కుదుటపడ్డాక చూసుకోండి.

అసలు జుట్టు మందుకీ పడకగదికీ సంబంధం ఏమిటని చాలామంది అడుగుతారు. మన ఒంట్లోని టెస్టోస్టిరాన్‌ని ఒక ఎంజైమ్ డీహెచ్‌టీ అనే ఇంకా బలమైన హార్మోన్‌గా మారుస్తుంది. మాడు మీద జుట్టు కుదుళ్లను క్రమంగా సన్నబరిచేది అదే. 1974లో డొమినికన్ రిపబ్లిక్‌లోని కొన్ని కుటుంబాల గురించి ఒక పరిశోధన వచ్చింది. అక్కడ కొందరు మగపిల్లలకు పుట్టుకతోనే ఈ ఎంజైమ్ లోపం ఉంది. పుట్టినప్పుడు ఆడపిల్లలనుకుని పెంచారు, యుక్తవయసు వచ్చాక మగ లక్షణాలు బయటపడ్డాయి. పెద్దయ్యాక వాళ్లకు ప్రొస్టేట్ (మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) చిన్నగానే ఉండేది, బట్టతల రాలేదు. ఆ ఎంజైమ్‌ను అడ్డుకునే ఫినాస్టరైడ్‌కు దారి వేసింది ఆ పరిశీలనే. అమెరికాలో 1992లో ప్రొస్టేట్ వాపుకు 5 మిల్లీగ్రాముల మాత్రగా, 1997లో జుట్టుకు 1 మిల్లీగ్రాము మాత్రగా అనుమతి వచ్చింది. రక్తంలో డీహెచ్‌టీని దాదాపు 70 శాతం తగ్గిస్తుంది. మింగిన మాత్ర మాడు దగ్గరే ఆగదు కదా, ఒళ్లంతా తిరుగుతుంది.

మరి ఎంతమందికి ఇబ్బంది? అనుమతికి ముందు జరిగిన పరీక్షల్లో కోరిక తగ్గడం, అంగస్తంభన సరిగా లేకపోవడం, వీర్యం తగ్గడం లాంటి ఏదో ఒక సమస్య చెప్పినవాళ్లు మాత్ర వేసుకున్నవాళ్లలో 3.8 శాతం. ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్లలో కూడా 2.1 శాతం మంది చెప్పారు. ఎక్కువమందికి మందు ఆపాక, కొందరికి వాడుతుండగానే అవి సర్దుకున్నాయి. భయం ఎంత పని చేస్తుందో 2007లో ఇటలీ డాక్టర్లు ప్రచురించిన ఒక పరిశీలన చూస్తే తెలుస్తుంది. ప్రొస్టేట్ రోగులకు అందరికీ 5 మిల్లీగ్రాముల ఫినాస్టరైడే ఇచ్చారు. లైంగిక సమస్యలు రావచ్చని ముందే చెప్పిన గుంపులో 43.6 శాతం మంది సమస్య ఉందన్నారు. చెప్పని గుంపులో 15.3 శాతం మందే.

దీన్ని పట్టుకుని "అంతా నీ మనసులోనే ఉంది" అని కొట్టిపారేసేవాళ్లున్నారు. అది అన్యాయం. మందు ఆపాక కూడా అంగస్తంభన సమస్య కొనసాగినట్టు ఫిర్యాదులు వచ్చాయని 2011లోనే అమెరికాలో లేబుల్ మీద చేర్చారు. 2012లో కోరిక, స్ఖలనం, భావప్రాప్తికి సంబంధించిన సమస్యలూ అలాగే మిగిలిపోవచ్చని రాశారు. 2024లో బ్రిటన్ ఈ మందు ప్యాకెట్లలో పేషెంట్లకు హెచ్చరిక కార్డు పెట్టాలని చెప్పింది. 2025లో యూరప్ మందుల సంస్థ, ఆత్మహత్య ఆలోచనలు ఈ మాత్ర దుష్ప్రభావమేనని నిర్ధారించి, ఎంత తరచుగా వస్తాయో తెలియని వాటి కింద చేర్చింది. అరుదే కావచ్చు, కానీ డిప్రెషన్ ఉన్నవాళ్లు, గతంలో వచ్చి తగ్గినవాళ్లు ఈ సంగతి డాక్టర్‌కి చెప్పకుండా ఒక్క మాత్ర కూడా వేసుకోకూడదు. జుట్టు కోసం అంత రిస్కు అక్కర్లేదు.

మొదలుపెట్టే ముందు చేయాల్సిన ముఖ్యమైన పని, ఇప్పుడు మీ పరిస్థితి ఎలా ఉందో నిజాయితీగా రాసిపెట్టుకోవడం. కోరిక ఎలా ఉంది, తెల్లవారుజామున అంగస్తంభన వస్తోందా, నిద్ర ఎలా ఉంది, మనసు ఎలా ఉంది. ఫోన్‌లో తేదీ వేసి నాలుగు ముక్కలు చాలు. రేపు తేడా వచ్చిందనిపిస్తే పోల్చుకోవడానికి ఇంతకంటే మంచి ఆధారం ఉండదు. అలాగని రోజూ పరీక్షించుకుంటూ కూర్చోవద్దు, ఆ పరీక్షే సమస్యను తెస్తుంది. షుగర్, బీపీ మందులు, డిప్రెషన్ మాత్రలు, మద్యం, సిగరెట్, ఇవన్నీ లైంగిక శక్తిని దెబ్బతీసేవే కాబట్టి అవేమైనా ఉంటే ముందే చెప్పండి. స్కిన్ డాక్టర్ తల చూసి, అవసరమైతే థైరాయిడ్, ఐరన్ పరీక్షలు రాస్తారు. టైఫాయిడ్, డెంగీ వచ్చి తగ్గాక రెండు మూడు నెలలకు ఊడే జుట్టుకు ఈ మాత్ర పనికిరాదు.

సీసాల విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. "నేను మాత్రలు వేసుకోను, తలకి రాసుకునేదే ఇవ్వండి" అంటారు. జుట్టుకు రాసే ఇంకో మందు మినాక్సిడిల్ ఒక్కటే ఉన్న సీసా అయితే అది హార్మోన్ల జోలికి పోదు. కానీ మన మార్కెట్లో మినాక్సిడిల్ 5 శాతంతో పాటు ఫినాస్టరైడ్ 0.1 శాతం కలిపినవి బోలెడున్నాయి. పైన పెద్ద అక్షరాల్లో బ్రాండ్ పేరు ఉంటుంది, ఆ కలయిక చిన్న అక్షరాల్లో ఉంటుంది. సీసా వెనక్కి తిప్పి చదవండి. చర్మం గుండా కొంత మందు రక్తంలోకి వెళ్తుంది. రాసుకున్న చేయి కడుక్కోకపోతే, తడి ఆరకముందే దిండు మీద తల పెడితే ఇంట్లోవాళ్లకూ అంటుతుంది.

5 మిల్లీగ్రాముల మాత్ర చవకని కొని బ్లేడుతో నాలుగు ముక్కలు చేసుకునేవాళ్లూ ఉన్నారు. ఆ పని చేయవద్దు. ముక్కలు సమానంగా రావు. పైగా గర్భిణులు, గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లు ఆ పొడిని ముట్టుకోకూడదు, కడుపులో మగబిడ్డ ఉంటే జననాంగాల ఎదుగుదల దెబ్బతినొచ్చు. వంటగట్టు మీద కోసి, పొడి అక్కడే వదిలేస్తే తుడిచేది ఇంట్లో ఆడవాళ్లే కదా. విరగని, పైపూత ఉన్న మాత్రతో ఆ భయం లేదు.

ఇదే రకానికి చెందిన డ్యూటాస్టరైడ్ అనే మందు ఇంకా బలమైనది, డీహెచ్‌టీని 90 శాతానికి పైగా తగ్గిస్తుంది. ఒంట్లో ఫినాస్టరైడ్ కొన్ని గంటల్లోనే సగానికి తగ్గిపోతుంది, డ్యూటాస్టరైడ్ సగం తగ్గడానికే దాదాపు ఐదు వారాలు. ఇబ్బంది వచ్చిందని ఆపినా ఒంట్లోంచి త్వరగా పోదు. కాబట్టి దీంతో మొదలుపెట్టకండి.

వాడుతుండగా తేడా కనిపిస్తే దాచుకోకండి. మందు రాసిన డాక్టర్‌కి ఫోన్ చేసి, ఆపాలా వద్దా అడగండి. మనసు మరీ దిగులుగా ఉన్నా, చచ్చిపోవాలనే ఆలోచన వచ్చినా మాత్ర ఆ రోజే ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఆపితే నిలిచిన జుట్టు ఏడాదిలోపు మళ్లీ రాలిపోతుంది, నిజమే. దానికి సిద్ధపడే మొదలుపెట్టాలి. "శక్తి మాత్రలు" అని అమ్మేవాటి జోలికి అసలు పోవద్దు, అందులో ఏం కలిపారో ఎవరికీ తెలియదు. పెళ్లయినవాళ్లు భార్యకు ఒక మాట చెప్పండి. చెప్పకపోతే ఆమె తన మీద ఇష్టం తగ్గిందనుకుంటుంది. పిల్లల కోసం ప్రయత్నిస్తూ ఆలస్యమవుతుంటే ఈ మాత్ర సంగతి ఆ డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, కొందరిలో వీర్యకణాలు తగ్గుతాయి, ఆపాక కొన్ని నెలల్లో పెరుగుతాయి. నలభై, యాభై దాటినవాళ్లు పీఎస్‌ఏ (ప్రొస్టేట్ సమస్యల కోసం చేసే రక్తపరీక్ష)కు వెళ్తే అప్పుడూ చెప్పాలి, ఈ మందు ఆ అంకెను దాదాపు సగానికి దించుతుంది.

దుష్ప్రభావం వచ్చిందనిపిస్తే మీరే నేరుగా ప్రభుత్వ ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే) హెల్ప్‌లైన్ 1800 180 3024కి చెప్పొచ్చు, ఖర్చు లేదు. మందు పేరు, ఎప్పుడు మొదలుపెట్టారు, బ్యాచ్ నంబరు అడుగుతారు. అందుకే స్ట్రిప్‌లో నంబరున్న వైపు నుంచి మాత్రలు చించకుండా, ఆ ముక్కను చివరిదాకా ఉంచండి.