గెలాక్సీ అంచున కొత్త చుక్క కనిపిస్తే సూపర్‌నోవాయేనని ఎలా తేల్చుకోవాలి?

సూపర్‌నోవా అంటే నక్షత్రం పేలిపోవడం. గెలాక్సీ నడిబొడ్డున పేలితే ఆ వెలుగులో కలిసిపోయి ఒక పట్టాన కనబడదు. అంచున పేలితే విడిగా తెలుస్తుంది. చిక్కల్లా, మన పాలపుంతలోని నక్షత్రాలూ అదే చోట అడ్డం వస్తాయి. మోసపోవడం తేలిక.

1. మీరు తీసిన ఫొటోని అదే గెలాక్సీ పాత ఫొటోతో పోల్చండి. రెండూ ఒకే సైజులో, ఒకే దిక్కుకి తిప్పి ఉండాలి. పాతదాంట్లో మసక చుక్కలు కూడా పడి ఉండాలి, లేకపోతే ఎప్పట్నుంచో ఉన్న నక్షత్రమే కొత్తదిలా అనిపిస్తుంది. ఆస్ట్రేలియా ఔత్సాహికుడు రాబర్ట్ ఇవాన్స్ గెలాక్సీల చుట్టూ ఉన్న చుక్కల్ని గుర్తుపెట్టుకుని, కెమెరా లేకుండా టెలిస్కోప్‌లో కంటితో చూసే బోలెడు సూపర్‌నోవాలు పట్టారు. ఆ జ్ఞాపకశక్తి మనకెక్కడిది, ఫొటోయే దిక్కు.

2. టెలిస్కోప్‌ని కొద్దిగా జరిపి మళ్లీ తీయండి. గెలాక్సీ జరిగినా చుక్క ఫ్రేమ్‌లో అక్కడే ఉండిపోతే అది కెమెరా సెన్సర్ లోపం.

3. గంటో రెండు గంటలో ఆగి ఇంకో ఫొటో తీయండి. చుక్క కదిలితే గ్రహశకలమే. కదలకపోయినా, గ్రహశకలాల లెక్కలు ఉంచే మైనర్ ప్లానెట్ సెంటర్ సైట్‌లో టైమ్, స్థానం ఇచ్చి చూసుకోండి.

4. ఆకాశంలో కొత్తగా కనిపించినవాటిని నమోదు చేసే ట్రాన్సియెంట్ నేమ్ సర్వర్ సైట్‌లో వెతకండి. రోబో టెలిస్కోపులు ముందే పట్టేసి ఉండొచ్చు. లేకపోతే ఆలస్యం చేయకుండా రిపోర్ట్ చేయండి. వర్ణపటం (వెలుగుని రంగులుగా విడదీసిన పట్టీ) తీశాకే సంగతి ఖాయమవుతుంది, ఆ పని పెద్ద టెలిస్కోపులు చూసుకుంటాయి. తొలి గంటల ఫొటోలకి విలువ ఎక్కువ. 2016 సెప్టెంబరులో అర్జెంటీనాకి చెందిన విక్టర్ బూసో కొత్త కెమెరాని పరీక్షిస్తూ ఎన్‌జీసీ 613 గెలాక్సీని వరసగా ఫొటోలు తీశారు. మొదటివాటిలో లేని చుక్క తర్వాతివాటిలో పడింది. పేలుడు వెలుగు నక్షత్రం పైపొరని దాటి బయటపడుతున్న వేళ అది!

5. ఇక రోజూ వెలుగు కొలవండి. వెలుగు మారే నక్షత్రాల్ని గమనించేవాళ్ల సంఘం ఏఏవీఎస్ఓ చార్ట్‌లో మాగ్నిట్యూడ్ (వెలుగుని చెప్పే అంకె) రాసి ఉన్న రెండు నక్షత్రాల్ని ఎంచుకోండి, ఒకటి మన చుక్కకంటే ప్రకాశంగా, ఇంకోటి మసకగా. అవి 11.0, 11.6 అయి, మన చుక్క సరిగ్గా మధ్యలో ఉంటే 11.3 అని రాసుకోండి. అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు. మర్నాడూ అవే నక్షత్రాలతో పోల్చండి.

2023 మే 19న జపాన్ ఔత్సాహికుడు కోయిచి ఇటగాకి ఎం101 గెలాక్సీ సుడి చేతుల్లో కనిపెట్టిన సూపర్‌నోవా మాగ్నిట్యూడ్ అప్పటికి సుమారు 14.9. కొద్ది రోజుల్లోనే 11 దాకా వచ్చింది. ఆ గెలాక్సీ పలచన, వీధిలైట్ల వెలుతురుంటే అసలు కనబడదు. సూపర్‌నోవా మాత్రం చుక్కలా కనిపించేది. కాబట్టి గెలాక్సీ కోసం తంటాలు పడకుండా, చార్ట్‌లోని నక్షత్రాల ఆధారంగా టెలిస్కోప్‌ని నేరుగా ఆ చోటికే తిప్పండి.