మన నాడుల వేగం మనమే కొలుద్దాం – 3వ పాఠం: పడే స్కేలు

కిందటి పాఠంలో కాలు మీద కాలు వేసుకుని, మోకాలి చిప్ప కింద అరచేతి అంచుతో కొట్టి చూశాం. వద్దనుకున్నా కాలు ఎగిరింది. తొడ కండరం నుంచి వార్త జ్ఞాన నాడి మీదుగా వెన్నుపాముకు వెళ్లి, అక్కడ ఒకే ఒక్క నాడీసంధి (ఒక నాడి నుంచి ఇంకో నాడికి వార్త మారే చోటు) దాటి, కండరాన్ని కదిపే చాలక నాడి ద్వారా తిరిగొచ్చింది. మెదడు అనుమతి అక్కర్లేకపోయింది. ఈసారి మెదడుతో పని ఉన్న చర్య తీసుకుని, దానికెంత సమయం పడుతుందో కొలుద్దాం.

30 సెంటీమీటర్ల స్కేలు, తోడుగా ఒక మనిషి ఉంటే చాలు. ముంజేతిని బల్ల మీద ఆనించి అరచేయి అంచు దాటి బయటికి ఉంచండి. బొటనవేలు, చూపుడువేలు మధ్య రెండు సెంటీమీటర్ల ఎడం. తోడు మనిషి స్కేలును 30 అంకె దగ్గర పట్టుకుని, సున్నా మీ వేళ్ల మధ్యకు వచ్చేలా వేలాడదీసి, చెప్పకుండా వదలాలి. పట్టుకున్నాక బొటనవేలి పై అంచు దగ్గరున్న అంకె రాసుకోండి.

మాది విశాఖలో ఎంవీపీ కాలనీ. మా మేనకోడలితో దీన్ని మొదట డాబా మీద చేశాను. సముద్రపు గాలికి స్కేలు ఊగిపోయి ఒక్క కొలతా సరిగ్గా రాలేదు. విశాఖలో ఉన్నవాళ్లు కిటికీలు మూసి, ఫ్యాను ఆపి చేయండి. ఉక్కపోస్తుంది, కానీ పది నిమిషాలే కదా.

మొదటి రెండుసార్లు చేయి అలవాటు పడటానికి వదిలేయండి. తర్వాత పదిసార్లు చేయండి. స్కేలు కదలకముందే వేళ్లు మూసుకుంటే అది ఊహ, కొలత కాదు. దాన్ని కొట్టేయండి. మిగిలినవాటిని చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా రాసి, నడిమి అంకె తీసుకోండి. ఆ సెంటీమీటర్లను 490తో భాగించి వర్గమూలం కడితే సెకన్లు వస్తాయి. 15 సెంటీమీటర్లంటే దాదాపు 0.175 సెకను, 20 అంటే 0.20.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన ప్రశ్న. ఈ 0.2 సెకను ఎక్కడ ఖర్చయింది? దారిలోనా?

1850లో హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త కప్ప నాడిలో వార్త పరుగెత్తే వేగాన్ని కొలిచారు. సెకనుకు సుమారు 27 మీటర్లు వచ్చింది. దీన్ని కొలవడం మన వల్ల కాదని ఆయన గురువు ముల్లర్ అనుకున్నారు. మన చేతి కండరాలకు ఆజ్ఞ తెచ్చే నాడులకూ, కప్ప నాడికి లాగే, వేగం పెంచే మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. పైగా మన ఒంటి వేడి కప్పకన్నా ఎక్కువ కాబట్టి అవి ఇంకా వేగం, సెకనుకు 50, 60 మీటర్లు. మెదడు నుంచి వేళ్ల దాకా దారి దాదాపు ఒక మీటరు. అంటే ప్రయాణానికి 0.02 సెకను చాలు, మొత్తంలో పదో వంతు. మిగతాదంతా కంటి రెటీనా వెలుతురును విద్యుత్ సంకేతంగా మార్చడానికి, చూసినదేమిటో మెదడు తేల్చుకోవడానికి, కండరం బిగియడానికి పట్టింది. దారి కన్నా మజిలీల దగ్గరే ఎక్కువ ఆలస్యం.

దోసె పెనానికి వేలు తగిలినప్పుడు ఈ మజిలీల్లో చాలా వాటిని శరీరం దాటవేస్తుంది. వెన్నుపామే చేతిని లాగేస్తుంది. "అమ్మా!" అని మీరు అరిచేసరికి చేయి ఎప్పుడో వెనక్కి వచ్చి ఉంటుంది. ముందు చురుక్కుమంటుంది, కాసేపటికి గాని అసలు మంట మొదలవదు, గమనించారా? ఆ మంటను మోసే సన్నని నాడులకు తొడుగు లేదు. వాటి వేగం సెకనుకు ఒక మీటరు, అటూ ఇటూగా.

బీచ్ రోడ్డులో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి 0.2 సెకనులో రెండు మీటర్లు దాటుతుంది. స్కేలు పడుతుందని మీకు ముందే తెలుసు. రోడ్డు మీదికి మొక్కజొన్న పొత్తు పట్టుకుని పరుగెత్తుకొచ్చే పిల్లాడి సంగతి తెలియదు. వాణ్ణి చూసి, పోల్చుకుని, బ్రేకు నొక్కేసరికి ఒక సెకను పట్టినా 11 మీటర్లు పోయినట్టే. మా మేనకోడలికి బండి నేర్పేముందు నేను స్కేలు అందుకే ఇచ్చాను.

ఈ వారం అభ్యాసం: తోడు మనిషి రెండు చేతుల్లో రెండు స్కేళ్లు పట్టుకుని, మీ ఎడమ చేతి వైపుదో కుడి చేతి వైపుదో ఏదో ఒక్కటే వదలాలి. మీరు ఆ చేతినే మూయాలి. మళ్లీ పదిసార్లు చేసి, నడిమి అంకె తీయండి. అది పాతదానికన్నా ఎంత పెరిగిందో రాసి ఉంచుకోండి. నాలుగో పాఠాన్ని ఆ తేడాతోనే మొదలుపెడతాం.