గ్వాడలహారా పాత నగరానికి మొదటిసారి వెళ్లేవారికి

ఉద్యోగరీత్యా మెక్సికోలోని గ్వాడలహారా వచ్చే మనవారిలో కొందరు ఆఫీసుకు దగ్గరని సపోపాన్ వైపు ఇల్లు తీసుకుని, నెలల తరబడి మాల్‌కూ అపార్ట్‌మెంటుకూ మధ్యనే తిరుగుతూ ఉండిపోతారు. సామాను సర్దుకున్న మొదటి వారంలోనే ఒక పూట సెంట్రోకు, అంటే 1542లో ఇక్కడ స్థిరపడిన పాత నగరానికి, వెళ్లి రావాలని నా సలహా. కారు వద్దు. 2020లో మొదలైన మూడవ లైను రైలు సపోపాన్ నుంచి నేరుగా గ్వాడలహారా సెంట్రో స్టేషనుకు చేరుస్తుంది. సోమవారం మ్యూజియంలు మూసి ఉంటాయి కనుక ఆ రోజు మానుకోవడం మంచిది.

స్టేషను పక్కనే కేథడ్రల్ ఉంది. దాని పాత గోపురాలు 1818 భూకంపంలో కూలిపోగా, ఇప్పుడు కనిపించే మొనదేలిన జంట గోపురాలను ఆ తరువాత కట్టారు. చుట్టూ శిలువ ఆకారంలో నాలుగు చౌకులు ఉన్నాయి. దక్షిణపు చౌకు అంచున ఉన్న ప్రభుత్వ భవనంలో మెట్ల మీద నిలబడి తల ఎత్తితే, అక్కడి కుడ్యచిత్రంలో మండే కాగడా పట్టుకుని మీదికి దూకుతున్నట్టున్న ఇదాల్గో, అంటే మెక్సికో స్వాతంత్ర్య పోరాటాన్ని మొదలుపెట్టిన మతగురువు, కనిపిస్తాడు. ఆయన 1810లో ఈ నగరంలోనే బానిసత్వాన్ని రద్దు చేస్తూ ఆజ్ఞ జారీ చేశాడు. ఆ చిత్రాన్ని గీసిన ఓరోస్కో ఈ హలిస్కో రాష్ట్రంలోనే పుట్టినవాడు.

అక్కడి నుంచి తూర్పుకు, దెగొయాదో నాటకశాల వెనుకగా, సుమారు కిలోమీటరు నడిస్తే ఒకప్పటి అనాథాశ్రమం ఓస్పీసియో కబాన్యాస్ వస్తుంది. 1997లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన ఈ భవనంలో ఓరోస్కో 1930లలో గీసిన 57 కుడ్యచిత్రాలున్నాయి. గోపురం లోపలి అగ్నిపురుషుణ్ణి నిలబడి చూస్తే మెడ నొప్పి పుడుతుంది కాబట్టి, సందర్శకులు అక్కడి బల్లల మీద వెల్లకిలా పడుకుని చూస్తారు. మీరూ సంకోచించకండి. సమయం తక్కువైతే మిగతావన్నీ వదిలి ఇదొక్కటీ చూడండి.

సమీపంలోనే సాన్ హువాన్ దె దియోస్ మార్కెట్ ఉంది. రద్దీ ఎక్కువ కనుక ఫోనును ముందు జేబులో ఉంచుకోవాలి. శాకాహారులు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఇక్కడ 'కార్నె' (మాంసం) అంటే చాలామంది దృష్టిలో గొడ్డుమాంసమే కాబట్టి, అది వద్దని మాత్రమే చెబితే కోడి ముక్కలు గానీ హామ్ (పందిమాంసం) గానీ వచ్చే అవకాశం ఉంది. ఉడికించిన చిక్కుడు గింజల్లో పంది కొవ్వు కలపడం మామూలే. అందుకని "యేవా మాంతెకా?" (పంది కొవ్వు ఉందా?) అని అడిగి తెలుసుకోవాలి. ఈ ఊరి పేరుమోసిన తోర్తా అవోగాదాలో, అంటే కారపు సాస్‌లో ముంచిన శాండ్‌విచ్‌లో, సాధారణంగా ఉండేది పందిమాంసమే. కారం తినగలిగిన మాంసాహారులకు మాత్రం అది నచ్చి తీరుతుంది. మొక్కజొన్న పిండిని పులియబెట్టి, నిమ్మరసం, ఉప్పు కలిపి ఇచ్చే తెహువీనో అనే పానీయం అందరికీ పనికొస్తుంది. అంబలి అలవాటున్నవారికి ఆ పులుపు కొత్తగా అనిపించదు.

చీకటి పడకముందే మార్కెట్ పక్క స్టేషనులో రెండవ లైను ఎక్కి, తరువాతి స్టేషను ప్లాసా ఉనివెర్సిదాద్‌లో దిగి మూడవ లైనుకు మారితే సపోపాన్ చేరుకోవచ్చు.