కుక్కా పిల్లీ తిరిగే ఇంట్లో ఎలుకల్ని వదిలించుకోవడం

పెన్నా డెల్టాలో వరి కోతలయ్యాక ఒకసారి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలకు కలుగుల్లోకి నీళ్లెక్కినప్పుడు ఇంకోసారి ఎలుకలు ఇళ్ల మీద పడతాయి. కొట్లో మందు బిళ్లలు కొనుక్కొచ్చి మూలల్లో పెట్టేయడం అందరికీ తెలిసిన పనే. పెంపుడు జంతువులున్న ఇంట్లో మాత్రం అది వద్దు. ఆ బిళ్లల్లో ఉండే బ్రోమడయోలోన్ రక్తం గడ్డకట్టనీయని మందు, అది తిన్న ఎలుక అక్కడికక్కడే చావదు, రోజుల తరబడి నీరసంగా తిరుగుతుంది. పిల్లికి సులువుగా దొరికేది అదే.

ముందు వచ్చిందేదో తేల్చుకోండి. బియ్యపు గింజంత పెంటికలు చిట్టెలుకవి. అర అంగుళం పొడవుంటే పెద్ద ఎలుకవి. పెరట్లో గోడ వార మట్టి కుప్పగా తోడి ఉంటే పందికొక్కు. దాని జోలికి చాలా పిల్లులు పోవు. దారి తెలియాలంటే రాత్రి పడుకోబోయే ముందు గోడ వెంబడి ముగ్గుపిండి పలచగా చల్లండి. సున్నం చల్లొద్దు, కుక్క పాదాలు మండుతాయి. పొద్దున చూస్తే చిన్న చిన్న వేళ్ల గుర్తులు, వాటి మధ్య తోక ఈడ్చిన సన్నగీత కనిపిస్తాయి. ఆ గీత పట్టుకుని పోతే కన్నం దొరుకుతుంది.

చాలా ఇళ్లలో ఎలుకల్ని మేపుతున్నది కుక్క గిన్నే. అన్నం పెట్టిన అరగంటకు మిగిలింది తీసేసి గిన్నె కడగండి. కుక్కల మేత, కోళ్ల నూకలు, వేరుశనగ కాయలు మూతున్న రేకు డబ్బాల్లో ఉండాలి. గోతం అయితే ఒక్క రాత్రి చాలు. బియ్యం బస్తాలు గోడకు జానెడు ఎడంగా, చెక్కల మీద పెట్టండి.

ఇక కన్నాలు. పెన్సిల్ దూరే సందులో చిట్టెలుక దూరుతుంది, బొటనవేలు పట్టే సందు పెద్ద ఎలుకకు చాలు. సింకు పైపు చుట్టూ, ఏసీ పైపు దగ్గర, తలుపు కింద చూడండి. కన్నం కనపడగానే సిమెంటు పూస్తే లోపల ఉన్నది లోపలే చచ్చి కంపు కొడుతుంది. మొదట కాగితం ఉండ వదులుగా దోపండి. మూడు రాత్రులు అది కదలకపోతే, గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కి, ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్లు ఇసుక కలిపి పూయండి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో మామూలు ఇనుప పీచు తుప్పు పట్టి రాలిపోతుంది, స్టెయిన్‌లెస్‌దే కొనండి. సందులు పూడ్చే స్ప్రే ఫోమ్ ఒక్కటే కొడితే కొరికేస్తాయి. గాలి కన్నాలకు పావు అంగుళం జాలీ వేయండి. పెంకుటిల్లయితే కప్పు మీదికి వాలిన కొమ్మలు నాలుగడుగుల ఎడం ఉండేలా కొట్టేయండి.

ఆ తర్వాతే బోను. పిల్లి ఉన్నచోట ఎండుచేప ఎరగా పెట్టొద్దు, ముందు వచ్చేది పిల్లే. కాల్చిన కొబ్బరి ముక్కో, వేరుశనగ గింజలు బెల్లంతో కలిపి దంచిన ముద్దో పెట్టండి. పెద్ద ఎలుకకు కొత్త వస్తువంటే అనుమానం. మూడు రాత్రులు బోను తలుపు కట్టేసి ఎర తిననిచ్చి, నాలుగో రాత్రి బిగించండి. చాలామంది మొదటి రాత్రే బిగించి, పడలేదని బోను అటక మీదికెక్కిస్తారు. బోను గోడకు ఆనించి ఉండాలి, నట్టింట్లో పెడితే పని జరగదు. పట్టిన ఎలుకను కుక్కకు వదలొద్దు. జిగురు అట్టలూ వద్దు. పిల్లి కాలు అంటుకుంటే లాగకుండా వంటనూనె రాసి మెల్లగా విడదీయాలి.

పెంటికలు పొడిగా ఊడవొద్దు. గ్లవ్స్ వేసుకుని, ఒక పాలు ద్రవ బ్లీచుకు (పొడి కాదు) తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపి తడిపి, పది నిమిషాలాగి, కుక్కను దూరంగా కట్టేసి తుడవండి. ఎలుక మూత్రం వల్ల కుక్కకూ మనిషికీ లెప్టోస్పైరోసిస్ అనే అంటుజబ్బు వస్తుంది. కుక్కకు వేసే ఏటా టీకాలో అది ఉందో లేదో అడగండి.

పక్కింట్లో పెట్టిన మందు మీ కుక్క తినొచ్చు. ఉప్పునీళ్లు, పాలు, నూనె ఏవీ తాగించొద్దు. నల్లపొడిగా దొరికే ఎలుకల మందు జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లంతో కలిసి విషవాయువు అవుతుంది, అన్నం పెడితే అది ఇంకా పెరుగుతుంది. కక్కితే కిటికీలు తెరిచి దూరంగా జరగండి. జింక్ ఫాస్ఫైడ్‌కు విరుగుడు లేదు. బ్రోమడయోలోన్‌కు విటమిన్ కె1 ఉంది, కానీ చిగుళ్లు పాలిపోయేదాకా ఆగకూడదు. పైకి ఏమీ తెలియకుండానే రోజులు గడిచిపోతాయి. మందు ప్యాకెట్టు, చింపిన ముక్కయినా సరే, పశువుల డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్లండి. తిన్నది ఏ మందో దాన్ని చూస్తేనే తెలిసేది.